అడవిని వాడుకుంటూనే కాపాడుకోవడం సాధ్యమేనా?

సాధ్యమే. తపసి చెట్టు బంక సంగతి చూడండి. మన్యంలో, నల్లమలలో గిరిజనులు దీన్ని సేకరిస్తారు. మందుల్లో, ఆహార పదార్థాల్లో, కట్టుడు పళ్లను అతికించే పొడిలో వాడతారు కాబట్టి విదేశాల్లోనూ గిరాకీ ఉంది.

పాత పద్ధతిలో గొడ్డలితో మానును లోతుగా నరికేవారు. బంక బాగానే కారేది గానీ గాయం మానక చెట్టు ఎండిపోయేది. ఇప్పుడు నేర్పుతున్న పద్ధతి వేరు. చిన్న కత్తితో బెరడును పైపైన చెక్కాలి, లేత చెట్ల జోలికి పోకూడదు, వానాకాలంలో చెట్టును వదిలేయాలి. అప్పుడు గాటు పూడుకుపోతుంది, అదే చెట్టు ఏళ్ల తరబడి బంకనిస్తుంది. చెత్తాచెదారం లేని తెల్లటి బంకకు ధర కూడా ఎక్కువే పలుకుతుంది.

అయితే వచ్చే ఏడు కూడా ఆ చెట్టు తన చేతిలోనే ఉంటుందన్న భరోసా లేకపోతే ఎవరు మాత్రం ఆగుతారు? 2006 నాటి అటవీ హక్కుల చట్టం బంక లాంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద గిరిజనులకు యాజమాన్య హక్కు ఇచ్చింది. మొక్కలు నాటే కార్యక్రమాల కన్నా ముందు ఆ హక్కు, దాంతోపాటు న్యాయమైన ధర వాళ్లకు నిజంగా అందాలి. అడవి నేలలో ఇంకిన వాన నీరే వాగులై కింది పొలాలకు చేరుతుంది కాబట్టి, ఇది మైదాన రైతుకూ సంబంధించిన విషయమే.