మజ్జిగ రంగు ఆయిల్

ప్రశ్న: గురువుగారూ, మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా నాన్నగారు 1984లో కొన్న మాస్సీ 1035 ట్రాక్టర్ ఇప్పటికీ దమ్ము (వరి మడిని నీళ్లలో దున్ని బురద చెయ్యడం) చేస్తోంది. ఈసారి సార్వా (ఖరీఫ్) దమ్ములయ్యాక గేజి పుల్ల తీసి చూస్తే గేర్ ఆయిల్ పాలు ఎక్కువైన టీలా ఉంది. వెనక పనిముట్టుని ఎత్తే లిఫ్ట్ ఎత్తేటప్పుడు లోపల గుయ్యిమంటోంది, ఎత్తిన గొర్రు కాసేపటికే దిగిపోతోంది. చిక్కగా ఉంటే లిఫ్ట్ నిలబడుతుంది, 140 నంబర్ ఆయిల్ పొయ్యమని ఒకాయన అన్నాడు. ఉన్నదాంట్లోనే నాలుగు లీటర్లు కొత్తది కలిపెయ్యమని ఇంకొకాయన. ఏం చెయ్యమంటారు?

జవాబు: బాబూ, రెండూ చెయ్యకండి.

మీ ఆయిల్‌లో నీళ్లు కలిశాయి. ఆ రంగు చూస్తేనే చెప్పొచ్చు, అయినా నమ్మకం కుదరకపోతే ఒక పని చెయ్యండి. పాత రేకు ముక్క స్టవ్ మీద వేడి చేసి, దూరంగా నిలబడి, పుల్లతో రెండంటే రెండే చుక్కలు వెయ్యండి. చిటపటమంటే నీళ్లున్నట్టు, ఊరికే పొగ వస్తే లేనట్టు. నేను కుర్రతనంలో ఈ పరీక్ష ఇంట్లో దోసె పెనం మీద చేశాను. వారం రోజులు దోసెల్లో గేర్ ఆయిల్ వాసన, ఆ తర్వాత నెల రోజులు మా ఆవిడ మాటలు. రేకు ముక్కే వాడండి.

ఇక ఆ 140 సంగతి. మీ బండిలో గేర్లకీ, డిఫరెన్షియల్‌కీ, లిఫ్ట్ పంపుకీ ఒకటే ఆయిల్. పంపు అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. గేర్ పళ్లకి చిక్కటి ఆయిల్ నచ్చుతుంది గానీ పంపుకి నచ్చదు. చిక్కటి ఆయిల్ పంపుకి వెళ్లే దారిలోని జాలిలోంచి తొందరగా రాదు. డిసెంబరు పొద్దున దాళ్వా (రబీ) నారుమడి దున్నడానికి బండి తీస్తే పంపుకి ఆయిల్ అందక అరుస్తుంది. ఇప్పుడు మీరు వింటున్న గుయ్యి దానికి అన్నలాంటిది. గేర్లకీ హైడ్రాలిక్స్‌కీ (ఆయిల్ ఒత్తిడితో లిఫ్ట్ ఎత్తే ఏర్పాటు) కలిపి పనికొచ్చే ట్రాక్టర్ ఆయిల్ దొరుకుతుంది, అది తీసుకోండి. నంబరు మాత్రం బండితో ఇచ్చిన పుస్తకంలో చూసే కొనండి, కొట్టు కుర్రాడు చెప్పింది కాదు. మొత్తం 30 లీటర్ల దాకా పడుతుంది. 20 లీటర్ల డబ్బా ఒకటి కొని సరిపెడదామని చూడొద్దు.

కొత్త ఆయిల్ పోసేముందు నీళ్లు ఎటు నుంచి వచ్చాయో చూడాలి. ఇది చూడకుండా ఆయిల్ మార్చినవాళ్లు దాళ్వాకి మళ్లీ మా షెడ్డుకే వస్తారు. ముందు గేర్ రాడ్డు కింద ఉన్న రబ్బరు తొడుగు వేలితో విప్పి చూడండి. పాత బండ్లలో అది పగిలిపోయి ఉంటుంది, వాన నీళ్లు రాడ్డు వెంబడే లోపలికి జారతాయి. తర్వాత వెనక పీటీఓ షాఫ్ట్ (ఇంజన్ బలాన్ని పనిముట్లకి అందించే ఇరుసు) సీలు. కేజ్ వీల్స్ (దమ్ముకి వేసే ఇనుప చక్రాలు) వేసి లోతు మడిలో దిగితే ఆ సీలు బురదనీళ్లలోనే పని చేస్తుంది. గేజి పుల్లకీ, ఆయిల్ పోసే మూతకీ వాషర్లు ఉన్నాయో లేదో చూడండి. దమ్మయ్యాక బండి కడిగేటప్పుడు మోటారు పైపు తిన్నగా గేర్ రాడ్డు మీదకి పెడుతున్నారా? చాలామంది పెడతారు.

ఇప్పుడు ఆయిల్ దింపడం. బండి అరగంట తిప్పి, వేడి మీదున్నప్పుడే దింపాలి. చల్లారిన ఆయిల్ సగం లోపలే అంటుకుని ఉండిపోతుంది, దాంతోపాటు నీళ్లూ ఉంటాయి. బండి మట్టంగా పెట్టి, లిఫ్ట్ చేతులు పూర్తిగా కిందికి దించండి. ఎత్తి ఉంచితే సిలిండర్‌లో పాత ఆయిల్ ఆగిపోతుంది. తర్వాత బండి కింద పడుకుని పొట్ట పొడవునా చేత్తో తడిమి చూడండి. డ్రెయిన్ ప్లగ్ ఒకటే కాదు, గేర్ బాక్స్ కింద, వెనక హౌసింగ్ కింద విడివిడిగా ఉంటాయి. ముందుది ఒక్కటే విప్పి అయిపోయిందనుకుంటే వెనక అరబకెట్ మజ్జిగ అలాగే ఉంటుంది. అన్నీ విప్పి, కింద తట్టలు పెట్టి, రాత్రంతా వదిలెయ్యండి.

పొద్దున ప్లగ్‌లకి అంటుకున్న మడ్డి వేళ్ల మధ్య నలిపి చూడండి. బూడిదలాంటి మెత్తటి పొడి అయితే నలభై ఏళ్ల బండికి మామూలే. గోరంత రేకు తగిలిందా, గేర్ పళ్లు చూపించుకోవాలి. పంపుకి ఆయిల్ వెళ్లే దారిలో జాలి ఉంటుంది. పక్క మూత విప్పి దాన్ని తీసి డీజిల్‌లో బ్రష్షుతో కడగండి. మీ గుయ్యికి సగం కారణం అక్కడే జిగురుగా పట్టి ఉంటుందని నా అనుమానం. మూతకి కొత్త ప్యాకింగ్ తెచ్చుకున్నాకే విప్పండి.

లోపల డీజిల్ పోసి ఇంజన్ తిప్పమని కొందరు చెబుతారు. నేను చెప్పను. పంపుకి డీజిల్ జిడ్డు చాలదు, ఆ ఐదు నిమిషాల్లో అరిగింది మళ్లీ రాదు. చవక ఆయిల్ కొంత పోసి, లోడు లేకుండా పది నిమిషాలు తిప్పి దింపెయ్యండి. డబ్బు దండగ అనిపిస్తే ఇంకో దారి ఉంది. కొత్త ఆయిల్ పోసి, యాభై గంటల పనయ్యాక గాజు సీసాలో కొంచెం తీసి రెండు రోజులు కదపకుండా ఉంచండి. అడుగున నీళ్లు తేరితే ఇంకోసారి మార్చక తప్పదు.

కొత్తది పోశాక లిఫ్ట్ పది పదిహేనుసార్లు ఎత్తి దించి, ఇంజన్ ఆపి, పావుగంట ఆగి గేజి పుల్ల చూడండి. తగ్గుతుంది, మళ్లీ పోయండి. గీత దాటి మాత్రం పోయకండి, వెనక యాక్సిల్ సీళ్లు పాతవైతే ఆయిల్ బ్రేకుల్లోకి దిగుతుంది.

ఆయిల్ మార్చాక లిఫ్ట్ అసలు లేవకపోతే కంగారు పడకండి. మీ బండిలో పంపుని తిప్పేది పీటీఓ షాఫ్టే, పీటీఓ లీవరు న్యూట్రల్‌లో ఉంటే పంపు తిరగదు. పెనుగొండ వైపు నుంచి ఒకాయన దీనికోసం బండిని ఇంకో బండికి కట్టి లాక్కొచ్చాడు. లీవరు వేశాను, లిఫ్ట్ లేచింది. ఎంతివ్వమంటారని అడిగితే టీ ఇప్పించమన్నాను.

గొర్రు దిగిపోవడం మటుకు ఆయిల్‌తో పూర్తిగా పోకపోవచ్చు. అది లిఫ్ట్ పిస్టన్ సీలో, పంపు వాల్వో కారడం. చిక్కటి ఆయిల్ పోస్తే కొన్నాళ్లు మరుగున పడుతుంది, అంతే. ముందు ఆయిల్ మార్చి చూసి, అప్పటికీ దిగుతుంటే పైమూత దింపించండి.

ప్రశ్న: నిజామాబాద్ జిల్లా నుంచి రాస్తున్నాను. మా పాత ఫోర్డ్ 3600లో గేర్ బాక్స్ ఆయిల్ ఎవరూ పోయకుండానే పెరుగుతోంది! వెనక మాత్రం తగ్గుతోంది.

జవాబు: దయ్యం కాదండీ. మాస్సీలా కాకుండా మీ బండిలో గేర్ బాక్స్ ఆయిల్ వేరు, వెనక హౌసింగ్‌లో హైడ్రాలిక్ ఆయిల్ వేరు. మధ్యలో షాఫ్ట్ సీలు పోయింది, వెనకది ముందుకి వస్తోంది. ఎక్కువైంది దింపుకుంటూ, వెనక పోసుకుంటూ ఈ సీజన్ గట్టెక్కొచ్చు. సీలు మార్చాలంటే మాత్రం బండి విడదీయాల్సిందే.

ప్రశ్న: దింపిన పాత ఆయిల్ కాలవగట్టు మీద పోసెయ్యొచ్చా?

జవాబు: వద్దు. ఆ నీళ్లే మన గేదెలు తాగుతాయి. డబ్బాల్లో పట్టి ఉంచండి, పాత ఆయిల్ కొనేవాళ్లు ఆటోనగర్‌లో ఉంటారు.