ముఖంలో కసి కనిపించకపోతే ఆటలో లేనట్టేనా?

మీ తమ్ముడు కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఉన్నాడనీ, కోచ్ "నీలో కసి లేదు, ముఖం చూస్తేనే తెలిసిపోతోంది" అని రెండు మ్యాచ్‌లు బెంచీ మీద కూర్చోబెట్టారనీ రాశారు. బయటికి చూసి అలా చెప్పేయొచ్చా అని అడిగారు. ఆ కోచ్ అన్న మాటే ఒకప్పుడు నేనూ ఒక పిల్లాడిని అన్నాను. అందుకే ఈ జవాబు.

నేను కోచ్‌ని కాదు. డిగ్రీ చదివేటప్పుడు గుంటూరులో కాలేజీ టీమ్‌కి గార్డ్‌గా ఆడాను, ఇప్పుడు బ్యాంకులో పని చేస్తున్నాను. కొన్నేళ్ళ కిందట బదిలీ మీద వెళ్ళిన ఊళ్ళో హైస్కూలు సిమెంటు కోర్టులో పిల్లలు పొద్దున్నే ఆడుతుంటే చూసి ఉండబట్టలేక, అక్కడి పీఈటీ మాస్టారిని అడిగి ఆయనకి సాయంగా వెళ్ళడం మొదలుపెట్టాను.

ఆ పిల్లల్లో తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకడుండేవాడు. బాగా పొడగరి. కళ్ళు ఎప్పుడూ సగం మూతపడే ఉండేవి. మిగతావాళ్ళు కేకలు వేస్తూ కోర్టంతా పరుగులు తీస్తుంటే వీడు సంతలో వంకాయలు బేరం చేస్తున్నవాడిలా తిరిగేవాడు. బాస్కెట్ పడితే నవ్వడు, పోతే తల పట్టుకోడు. ఎంత తిట్టినా "సరే సార్" తప్ప ఇంకో మాట రాదు. నేను వాడికి 'నిద్రమొహం' అని పేరు పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది కానీ అప్పుడు అందరితోపాటు నేనూ నవ్వాను. ఇంకో కుర్రాడు వీడికి పూర్తిగా వ్యతిరేకం. ప్రతి బంతికీ దూకుతాడు, మోకాళ్ళు చెక్కుకుపోయి ఉంటాయి, పాయింట్ వచ్చినప్పుడల్లా గుండెల మీద కొట్టుకుంటాడు. నాకు వాడంటే ప్రాణం. మన సినిమాల్లో హీరోకి కసి వస్తే మెడ నరాలు ఉబ్బాలి, కళ్ళు ఎర్రబడాలి కదా. చిన్నప్పటి నుంచీ అవే చూసి పెరిగినవాణ్ణి, నాకు ఆ కొలబద్దే తెలుసు.

పక్క ఊరి స్కూలుతో మ్యాచ్. హాఫ్ టైమ్‌కి మేం ఆరు పాయింట్లు ముందున్నాం. అయినా ఆ కుర్రాడి నడక చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ "ఒళ్ళు దాచుకుని ఆడేవాళ్ళు నాకు అక్కర్లేదు" అని వాణ్ణి తీసేశాను. వాడు "సరే సార్" అని వెళ్ళి నీళ్ళ క్యాన్ పక్కన కూర్చున్నాడు. మాస్టారు నా వైపు ఓసారి చూసి ఊరుకున్నారు. రెండో సగంలో అవతలివాళ్ళు షాట్ తప్పడం, రీబౌండ్, అంటే రింగుకి తగిలి వెనక్కి వచ్చిన బంతి, మళ్ళీ వాళ్ళకే దొరకడం, మళ్ళీ వేయడం. ఓడిపోయాం.

మర్నాడు మాస్టారు ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టారు. చెయ్యి విరిగి కట్టుతో కూర్చున్న ఒక పిల్లాడికి ఆయన ముందే ఓ పని అప్పజెప్పారట. అవతలివాళ్ళ షాట్ రింగు వైపు వెళ్ళిన ప్రతిసారీ మనవాళ్ళలో ఎవరు తన మనిషిని వీపుతో ఆపి లోపలికి రానివ్వలేదో, వాళ్ళ పేరు పక్కన ఒక గీత గీయాలి. బాక్స్ అవుట్ అంటాం కదా, అదే. సగం మ్యాచే ఆడిన మన నిద్రమొహం పేరు పక్కన పదకొండు గీతలు. మ్యాచంతా ఆడిన నా ముద్దుల కుర్రాడికి రెండు. విచిత్రమేంటంటే, వీడు ఆపిన ఆ పదకొండింటిలో చాలా రీబౌండ్లు వీడి చేతికి రాలేదు. వీడు దారి మూసేస్తే వెనకాల ఉన్న ఇంకొకడు తీరిగ్గా అందుకున్నాడు. చప్పట్లూ వాడికే పడ్డాయి. మాస్టారు అన్నది ఒకటే మాట: "మీ ముద్దుల కుర్రాడు అన్నిసార్లు ఎందుకు దూకుతాడనుకున్నారు? ఉండాల్సిన చోట ముందుగా ఉండడు గనక."

ఈ ఆటలో కష్టంలో ఎక్కువ భాగం బంతి లేనిచోట జరుగుతుంది. కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15. పది మంది ఆడుతుంటే బంతి ఒక్కరి చేతిలోనే ఉంటుంది, మన కళ్ళూ అక్కడే ఉంటాయి. ముందే అంచనా వేసి రెండడుగులు జరిగినవాడు తాపీగా కనిపిస్తాడు. ఆలస్యంగా మేలుకున్నవాడు గాల్లోకి ఎగిరి, కింద పడి, చెమటలు కక్కుతూ లేస్తాడు. చూసేవాళ్ళకి రెండోవాడే ప్రాణం పెట్టి ఆడుతున్నట్టు అనిపిస్తుంది.

పెద్ద స్థాయిలో కూడా ఈ పొరపాటు కొత్తేమీ కాదు. సెర్బియా నుంచి వచ్చిన నికొలా యోకిచ్‌ని 2014 ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వరసగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే చోట, 41వ ఆటగాడిగా తీసుకున్నారు. అతన్ని ఎంచుకున్న సమయానికి ఆ డ్రాఫ్ట్ చూపిస్తున్న టీవీలో ఏదో తినుబండారాల ప్రకటన నడుస్తోంది. పెద్దగా ఎగరలేడు, పరుగు మందం, ఒళ్ళు చూస్తే ఆటగాడిలా ఉండదు. అతనే 2021, 2022, 2024లలో ఎంవీపీ (లీగ్‌లో ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు, 2023లో తన టీమ్ డెన్వర్‌కి మొట్టమొదటి టైటిల్ తెచ్చిపెట్టాడు. గెలిచాక విజయోత్సవ ఊరేగింపు గురువారం అని చెబితే, ఇంటికి వెళ్ళాలే అని ముఖం మాడ్చుకున్నాడు. సొంత ఊరు సోంబోర్‌లో అతనికి పందెపు గుర్రాలున్నాయి, మనసంతా అక్కడే. అలా ముఖం మాడ్చుకున్న వీడియో ఒక్కటే చూసినవాళ్ళు ఇతనికి గెలవాలన్న తపనే లేదనుకుంటారు. మ్యాచ్ అయిపోయాక మిగతావాళ్ళు స్నానాలకి వెళ్తుంటే ఇతను బరువులెత్తడానికి జిమ్‌కి వెళ్తాడన్న సంగతి ఆ వీడియోలో ఉండదు.

టిమ్ డంకన్ కథ ఇంకా తమాషా. ఎన్‌బీఏలోనే శాన్ ఆంటోనియో టీమ్‌కి 19 సీజన్లు ఆడి అయిదు టైటిళ్ళు గెలిచాడు. కెరీర్ పొడుగునా 'ముఖంలో చలనమే లేదు, చప్పగా ఆడతాడు' అన్న మాట పడ్డాడు. అలాంటివాణ్ణి 2007లో డల్లాస్‌తో మ్యాచ్‌లో బెంచీ మీద కూర్చుని నవ్వినందుకు రిఫరీ టెక్నికల్ ఫౌల్ (ప్రవర్తన బాగోలేదని ఇచ్చే ఫౌల్) ఇచ్చి బయటికి పంపించాడు! తరవాత లీగ్ ఆ రిఫరీని మిగతా సీజన్‌కి సస్పెండ్ చేసింది. నవ్వకపోతే ఒక తంటా, నవ్వితే ఇంకో తంటా.

ఈ చిక్కు ఎన్‌బీఏ వాళ్ళకీ తెలుసు. 2013-14 సీజన్ నుంచి అన్ని స్టేడియాల్లో ఆటగాళ్ళ కదలికల్ని కొలిచే కెమెరాలు పెట్టారు. 2016 ప్లేఆఫ్స్ నుంచి, ఎన్ని పాస్‌లకి చెయ్యి అడ్డుపెట్టాడు, ఎవరి చేతిలోనూ లేని లూజ్ బాల్స్ ఎన్ని దొరకబుచ్చుకున్నాడు, ఎన్ని షాట్లకి చెయ్యెత్తి అడ్డం వెళ్ళాడు అన్నవి విడిగా లెక్కకట్టి చూపిస్తున్నారు. మా మాస్టారి లాంగ్ నోట్‌బుక్ చేసిందీ అదే, కాకపోతే ఖర్చు ఇరవై రూపాయలు.

ఇక ఆ కళ్ళ సంగతి. నోట్‌బుక్ చూశాక నేను వాడికి సారీ చెప్పాను, వాడు "సరే సార్" అన్నాడు. కొన్ని వారాల తరవాత ఫాస్ట్ బ్రేక్ (బంతి దొరకగానే అవతలి రింగు వైపు పరుగెత్తే దాడి) ప్రాక్టీసులో దూరం నుంచి విసిరిన పాస్ తిన్నగా వెళ్ళి వాడి ఛాతీకి తగిలింది. చేతులు కూడా ఎత్తలేదు. దగ్గరికి పిలిచి గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు: కళ్ళజోడు ఉందట. విరిగితే నాన్న కొడతాడని పుస్తకాల సంచిలో దాచి ఆడుతున్నాడట. వాడు నిద్రమొహం కాదు, అవతలి రింగు సరిగ్గా కనపడక కళ్ళు చికిలించి చూస్తున్నాడు! బంతి ఆనకపోవడం వల్లే ఎదురుగా ఉన్న మనిషి భుజాన్నీ నడుమునీ చూసి ఆడటం అలవాటైంది. అందుకే అన్ని బాక్స్ అవుట్లు. మాస్టారు కళ్ళజోడుకి వెనకనుంచి ఎలాస్టిక్ కుట్టించారు. ఆ తరవాత లేఅప్‌లు (రింగు దగ్గరికి వెళ్ళి వేసే షాట్లు) మెరుగయ్యాయి, ముఖం మాత్రం ఏమీ మారలేదు. ఎన్‌బీఏలో ట్రేసీ మెక్‌గ్రేడీ అని ఇంకొకడు, వాలిపోయిన కనురెప్పలు చూసి అతన్నీ బద్ధకస్తుడనేవారు. 2004 డిసెంబర్ 9న ఆఖరి 35 సెకన్లలో 13 పాయింట్లు కొట్టి, తన టీమ్ హ్యూస్టన్‌ని 81-80తో గెలిపించాడు. అప్పుడూ అవే కనురెప్పలు.

అలాగని బయటికి కనిపించేదంతా అబద్ధం అనను. నిజంగా ఒళ్ళు దాచుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళలో నటన బాగా వచ్చినవాళ్ళూ ఉంటారు. ముఖం వదిలేసి కాళ్ళు చూడండి. తన చేతిలో బంతి పోయిన వెంటనే మొదటి మూడు అడుగులు ఎటు పడుతున్నాయి? వెంటనే వెనక్కి తిరిగి డిఫెన్స్‌కి పరుగెత్తుతున్నాడా, లేక చేతులు చాచి రిఫరీకేసి చూస్తున్నాడా? నాలుగో క్వార్టర్‌లో కూడా మొదటి క్వార్టర్‌లో లాగే మోకాళ్ళు వంచి నిలబడుతున్నాడా? ఆరంభ శూరులు ఇక్కడే దొరికిపోతారు.

తరవాతి మ్యాచ్‌కి మీరు స్టాండ్స్‌లో పై మెట్టు మీద, వీలైతే బాస్కెట్ వెనక వైపు కూర్చుని, మీ తమ్ముడు కోర్టులో ఉన్నంతసేపూ బంతిని వదిలేసి వాణ్ణే ఫోన్‌లో తీయండి. ఇంటికి వచ్చాక ఇద్దరూ కూర్చుని గీతలు గీయండి. సంఖ్య బాగుంటే ఆ కాగితం వాడే కోచ్ దగ్గరికి పట్టుకెళ్ళాలి, మీరు వెళ్ళకండి. బాగోకపోతే కోచ్ చెప్పిన కారణం తప్పైనా, చేసిన పని తప్పు కాదేమో.

ఒక్క విషయంలో మాత్రం ఆ కోచ్ పక్షమే నేను. మీ తమ్ముడు డిఫెన్స్‌లో నోరు విప్పకపోతే అది స్వభావం అని వదిలేయకూడదు. "ఎడమవైపు స్క్రీన్!" (అవతలి ఆటగాడు దారికి అడ్డంగా నిలబడ్డాడని అర్థం) అని వెనకనుంచి అరవకపోతే ముందున్నవాడు వెళ్ళి గుద్దుకుంటాడు. మా కుర్రాడికి అది నేర్పడానికి ఏడాది పట్టింది. వాడి గొంతు మొదటిసారి విన్నరోజు టీమంతా ఆట ఆపి వెనక్కి తిరిగి చూశారు, ఆ సందులో అవతలివాళ్ళు బాస్కెట్ వేసేశారు.