నిప్పట్ల ప్యాకెట్ మీద ఏం రాయాలంటే

తల్లీ,

నిన్న అక్క ఫోన్ చేసి చెప్పింది, నువ్వు నిప్పట్లు, చెనిక్కాయల పొడి, కొర్ర మురుకులు చేసి వాట్సాప్ లో అమ్మతాండావంట, కడప నుంచి బెంగళూరు దాకా ఆర్డర్లు పోతాండాయంట. శానా సంతోషమైంది. ప్యాకెట్ ఫోటో కూడా చూసినా, పేరు, నీ ఫోన్ నంబర్ తప్ప దాని మీద ఇంగేం లేదు. అందుకే కూర్చుని రాస్తాండా, ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావు.

ముందు రిజిస్ట్రేషన్ చేయించుకో. ఇంట్లో నాలుగు కేజీలు చేసేదానికి ఇదెందుకులే అనుకోవాకు, ఇంట్లో చేసినా అమ్మినామంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే తిండి సరుకుల భద్రత చూసే కేంద్ర సంస్థ, ఇచ్చే నంబర్ ఉండాల్సిందే. నేను చేయించుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలు ఉన్నోళ్ళకి చిన్న రిజిస్ట్రేషన్ సరిపోతా ఉండె, ఫీజు ఏడాదికి 100 రూపాయలు, ఫోస్కోస్ అని ఆ సంస్థదే సైట్, దాంట్లో మనమే నింపుకోవచ్చు. మధ్యలో ఎవరైనా వేలు అడిగితే ఇయ్యాకు. 14 అంకెల నంబర్ వస్తాది, ఆ సర్టిఫికెట్ వంటింట్లో కనపడేచోట తగిలించు.

ఇప్పుడు అసలు సంగతి. మన అనంతపురంలో చెనిక్కాయ లేని వంట ఏముంది చెప్పు, పొడిలో అదే, ఊరిబిండిలో అదే, నూనె కూడా అదే, అందుకే అదొక సరుకని కూడా మనకి తోచదు. నేను మొదట్లో నిప్పట్ల కవర్ మీద బియ్యప్పిండి, కారం, ఉప్పు, నూనె, "ఇంకా మసాలాలు" అని రాసి వదిలేసినా. పిండిలో కచ్చాపచ్చాగా దంచిన చెనిక్కాయలు కలిపింది నేనే, రాయంది కూడా నేనే. ఒకరోజు రాత్రి హైదరాబాద్ నుంచి ఒకామె ఫోన్, చెనిక్కాయలు పడని ఆరేళ్ళ కొడుక్కి పెదాలు వాచి ఆస్పత్రికి తీసుకపోయినారంట. ఆమె అరవలేదు, "ఆంటీ, వీటిలో పల్లీలు ఉన్నాయా?" అని ఒక్కటే అడిగింది. ఉన్నాయమ్మా అని చెప్పేదానికి నాకు గొంతు రాలేదు. పిల్లోడు తెల్లారికి బాగైనాడు, దేవుని దయ, కానీ ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది.

కాబట్టి ఏమేం వేసినావో ఒక్కటి కూడా వదలకుండా రాయి, బరువులో ఎక్కువుండేది ముందు, తక్కువుండేది తర్వాత. దాని కింద వేరే లైన్లో "ఇందులో చెనిక్కాయలు ఉన్నాయి" అని పెట్టు. గోధుమ, మైదా, పాలు, నెయ్యి, సోయా, జీడిపప్పు లాంటివాటికి కూడా ఇట్లే, ఓళిగలు అమ్మితే మైదా, నెయ్యి రెండూ ఆ లైన్లో రావాలి. కొర్ర మురుకుల్లో చెనిక్కాయ వేయకపోయినా పొడి కొట్టిన మిక్సీ జార్ లోనే వాటి కారం కొడతావు కదా, ఆ సంగతి కూడా రాయి.

ఇంగొకటి, తెలుగులో మాత్రమే రాస్తే చెల్లదు, ఇంగ్లీషో హిందీయో తప్పనిసరిగా ఉండాలి, తెలుగు దానికి తోడుగా పెట్టుకోవచ్చు. నేను 500 స్టిక్కర్లు తెలుగులోనే కొట్టించి మళ్ళీ కొట్టించినా, నీకా ఖర్చు వద్దు. మిగతావి చకచకా చెప్తా, నీ పేరు పూర్తి అడ్రస్సు, ఎఫ్ఎస్ఎస్ఏఐ లోగో కింద నంబర్, పచ్చ డబ్బాలో పచ్చ చుక్క, కవర్ బరువు తీసేసి నికర బరువు, అన్ని పన్నులు కలిపి ఎమ్మార్పీ, గ్రాముకు ఎంత పడుతుందో, కంప్లైంట్ ఉంటే ఎవరికి చెయ్యాలో ఫోన్ నంబర్, 100 గ్రాములకి ఎన్ని కేలరీలు, ప్రొటీన్, కొవ్వు, చక్కెర, సోడియం లాంటివాటి పట్టిక. కాటా తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నదే వాడు.

బ్యాచ్ నంబర్ మాత్రం తేలిగ్గా తీసుకోవాకు. నేను తేదీనే బ్యాచ్ నంబర్ గా వేసి, ఏ అంగడి చెనిక్కాయలు, ఏ నూనె డబ్బా అనేది నోట్ బుక్ లో రాస్తా. ఒకసారి పొడి చేదుగా ఉందని ఒకరు చెప్తే బుక్ తీసి చూసి, ఆ రోజు చేసిన 38 ప్యాకెట్లు ఎవరెవరికి పోయినాయో పట్టుకుని అందరికీ ఫోన్ చేసి డబ్బులు వెనక్కిచ్చినా. గింజలు తేమ తగిలి ఉండె. బూజు పట్టినవి, ముడుచుకపోయినవి ముందే ఏరి పారెయ్, బూజు నుంచి వచ్చే విషం వేయిస్తే పూర్తిగా పోదు.

తయారు చేసిన తేదీ, ఎప్పటిలోపు తినాలో రెండూ వెయ్యాలి. రెండో తేదీ పక్కోళ్ళ ప్యాకెట్ చూసి వెయ్యాకు. ప్రతి బ్యాచ్ లో నాలుగైదు ప్యాకెట్లు అదే కవర్లో ఉంచి, వారానికొకటి విప్పి వాసన చూడు, తిని చూడు. పాత నూనె వాసన ఎన్నో వారానికి వచ్చిందో దానికి శానా ముందే గడువు పెట్టు, ఏప్రిల్, మే ఎండలకి ఇంగా తగ్గించు.

కొర్ర మురుకుల మీద "షుగర్ తగ్గుతుంది" అని పెట్టినావంట, అది వెంటనే తీసెయ్. జబ్బు నయమైతాదని తినుబండారం మీద రాయకూడదు, పైగా అది నమ్మి ఎవరైనా మాత్రలు మానేస్తే ఎట్ల?

ఈ వారంలో ఫోస్కోస్ పని చూడు. నంబర్ వచ్చినాక లేబుల్ డ్రాఫ్ట్ ఫోటో పంపు, ప్రింటింగ్ కి ఇచ్చేముందు నేను ఒకసారి చదువుతా. అట్లే అర కేజీ చెనిక్కాయల పొడి కూడా పంపు, డబ్బులు పంపిస్తా.

మీ చిన్నమ్మ