చివరి రాత్రి దీవిలో వద్దు, అమ్మణ్ణీ

కర్నూలు,
ఆదివారం పొద్దున

అమ్మణ్ణికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న రాత్రి తొమ్మిది దాటాక మీ అమ్మ ఫోను చేసింది. ఆ వేళప్పుడు చేసిందంటే పెళ్లి చీరల సంగతేమో అనుకున్నా. "అక్కా, పిల్లోళ్లు అండమాన్ పోతారంట, పడవల్లో మూడు దీవులు తిరుగుతారంట" అంది. మంచిదే కదా అని ఫోను పెట్టేశాను గానీ, తెల్లారేదాకా నిద్ర పడితే ఒట్టు.

సంతోషం లేక కాదు. మన ఇంట్లో హనీమూన్ అనే మాట పెద్దోళ్ల ముందర పైకి అన్నది నువ్వే మొదలు. నేనూ మీ పెద్దనాయనా పెళ్లయిన తొమ్మిదో రోజు యాగంటి పోయినాం. మాతోపాటు ఇంకో పదకొండు మంది. బస్సులో నా పక్కన కూర్చున్నది మా అత్త. ఆయన డ్రైవరు దగ్గర నిలబడి, నేను వాంతి చేసుకోకుండా ఉన్నానా లేదా అని నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. అదే మా హనీమూను.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాన్ ఆయన ప్రింట్ తీయించుకొచ్చాడు. ఎర్ర పెన్నుతో గీతలు పెట్టినాం. మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్, తర్వాత రెండు రాత్రులు హావ్‌లాక్, రెండు రాత్రులు నీల్. ఇంతవరకు బాగుంది. ఆరో రోజు చూడు: పొద్దున ఏడింటికి నీల్‌లో స్కూబా డైవింగ్, పదకొండింటికి ఫెర్రీ, మధ్యాహ్నం మూడింటికి విమానం. ఆ రోజు మీద మీ పెద్దనాయన పెట్టిన గీతకు కాగితం చిరిగింది.

స్కూబా సంగతి ముందు చెబుతా. వీపున గాలి సిలిండరు కట్టుకుని నీళ్లలో లోతుకు పోయినప్పుడు ఒత్తిడికి గాలిలోని నైట్రోజన్ రక్తంలో కరుగుతుంది. అది మెల్లగా బయటికి పోవాలి. పోకముందే విమానం ఎక్కితే పైన ఒత్తిడి తక్కువ కాబట్టి, గోళీసోడా కొట్టినప్పుడు బుడగలు లేచినట్టు ఒంట్లో బుడగలు లేస్తాయి. కీళ్ల నొప్పులతో మొదలై ప్రాణం మీదికి రావచ్చు. ఒక్క డైవు చేసినా విమానానికి కనీసం 12 గంటలు, అంతకు మించి చేస్తే 18 గంటలు ఆగాలని డైవింగ్ వాళ్లే చెబుతారు. మీరు ఒక రోజు మొత్తం ఉంచుకోండి. అందుకే స్కూబాను హావ్‌లాక్‌లో దిగిన మరునాటికి మార్చు. ఇంకొకటి, అక్కడ ఒంట్లో జబ్బుల గురించి ఒక ఫారం నింపమంటారు. అన్నిటికీ లేదు, లేదు అని టిక్కులు కొట్టొద్దు. ఆరేడేళ్లప్పుడు నీకు చెవి కారేది. వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు వేసి ఒళ్లో పడుకోబెట్టుకున్నదాన్ని నేను, నాకు గుర్తుంది. పోయేముందు చెవి డాక్టరుకు చూపించి, సరేనంటేనే నీళ్లలోకి దిగు. వద్దంటే హావ్‌లాక్‌లోనే ఎలిఫెంట్ బీచిలో లైఫ్ జాకెట్ వేసుకుని, నీళ్ల పైనే తేలుతూ అద్దంలోంచి పగడాలు చూడు. దానికి స్నార్కెలింగ్ అని పేరు. అల్లుణ్ణి కూడా పగడాల మీద నిలబడొద్దను. అవి రాళ్లు కావు, ప్రాణం ఉన్నవి. పైగా కాలు కోసుకుంటే తొందరగా మానదు.

ఇక ఆ చివరి రోజు. నేను ఉత్తరం మొదలుపెట్టింది దీనికోసమే.

2016 డిసెంబరులో ఎల్‌టీసీ మీద, అంటే ఉద్యోగులకు సర్కారు ఇచ్చే ప్రయాణ ఖర్చు మీద, మేము అండమాన్ పోయినాం. ఆయన పోస్టాఫీసు ఉద్యోగం, రిటైరు కాకముందు ఒక్కసారైనా విమానం ఎక్కిస్తానన్నాడు. ప్లాన్ మాత్రం నాది. నోటుబుక్కులో గీతలు కొట్టి గంట గంటకూ రాసినా. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌కు వచ్చేద్దామని ఆయన మూడుసార్లు చెప్పినాడు. "హావ్‌లాక్‌లో ఇంకో సాయంత్రం చూడొచ్చు కదా, పొద్దున ఫెర్రీకి వస్తే మధ్యాహ్నం విమానం అందుతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి గదికి రెండు వేల రెండొందలు దండగ" అన్నాను. ఆయన నా మొహం చూసి సరేలే అన్నాడు.

7వ తేదీ మధ్యాహ్నం మా విమానం. అంతకు ముందు నుంచే గాలి మొదలైంది. బంగాళాఖాతంలో వాయుగుండమని, ఫెర్రీలన్నీ ఆపేశారని జెట్టీ దగ్గర చెప్పినారు. ఎప్పుడు వదులుతారంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. హావ్‌లాక్, నీల్ దీవుల్లో మాలాంటి వాళ్లు వెయ్యి మందికి పైగా చిక్కుకుపోయినారు. ఆ వాయుగుండమే తర్వాత వర్దా తుపానై 12న చెన్నైని కొట్టింది.

నీకు గుర్తుందా, అది పెద్దనోట్లు రద్దయిన మరుసటి నెల. నవంబరు 8న 500, 1000 నోట్లు చెల్లవన్నారు. మా దగ్గర ఉన్నది ఒక గులాబీ రంగు రెండు వేల నోటు, కొంచెం చిల్లర. దీవిలో ఏటీఎంలు ఖాళీ. అప్పట్లో అండమాన్‌కు సముద్రం కింద కేబుల్ లేదు, ఫోన్లూ నెట్టూ ఉపగ్రహం మీదే. వానకు అదీ పోయింది, హోటల్లో కార్డు మిషను పలకలేదు. రెండు వేల నోటుకు చిల్లర ఇచ్చే దిక్కు లేదు. ఆ నోటు పట్టుకుని మీ పెద్దనాయన గోవిందనగర్ బజారులో ఈ కొసనుంచి ఆ కొసదాకా తిరిగినాడు. చేతిలో డబ్బుంది, టీ తాగలేకపోయినాం.

మా గది కింది అంతస్తు కాటేజీ, సముద్రానికి నలభై అడుగులు. రాత్రంతా నీళ్ల మోత. 2009 అక్టోబరు 2న తుంగభద్ర మన పాతబస్తీలోకి వచ్చినప్పుడు నేను మిద్దె మీద రెండు రాత్రులు కూర్చున్నదాన్ని. కింద మెట్లు ఒక్కొక్కటే మునగడం టార్చిలైటు వేసి లెక్కపెట్టుకున్నదాన్ని. ఆ మోత వింటే నాకు ఒళ్లు వశం తప్పుతుంది. బ్యాగులన్నీ బీరువా మీదికి ఎక్కించి, చెప్పులు మంచం మీద పెట్టుకుని, తెల్లారేదాకా గడప వైపు చూస్తా కూర్చున్నా. ఆయన లేచి, ఏమీ అడగకుండా, నా పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను చెప్పినాను కదా అని ఒక్క మాట అనలేదు. అని ఉంటే పోట్లాడేదాన్ని, మనసు తేలికయ్యేది.

ఆ రెండు మూడు రోజులూ మాకు అన్నం పెట్టింది జెట్టీ దారిలో టీ కొట్టు నడిపే ఒక బెంగాలీ ముసలమ్మ. తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులుగా వచ్చినవాళ్లే ఆ ఊళ్లలో ఎక్కువ. ఆమెకు తెలుగు రాదు, నాకు బెంగాలీ రాదు. నేను తీసుకుపోయిన బుడ్డల (వేరుశనగల) పొడి రుచి చూపిస్తే దగ్గొచ్చి, కళ్లలో నీళ్లు పెట్టుకుని నవ్వింది. మా లెక్క సిగరెట్టు పెట్టె అట్ట మీద గీతలు గీసుకుంది. 9న నేవీ ఓడలు వచ్చి మనుషుల్ని చేరవేయడం మొదలుపెట్టినప్పుడు హడావుడిలో ఆమెకు డబ్బు ఇవ్వకుండానే ఎక్కేసినాం. కర్నూలు వచ్చాక మీ పెద్దనాయన చేసిన మొదటి పని ఆమెకు మనియార్డరు కట్టడం. బెంగాలీలో సంతకం పెట్టిన రసీదు తిరిగి వచ్చింది. అది ఇప్పటికీ ఆయన పాసుబుక్కులో ఉంది.

కొత్త విమానం టికెట్లకు ముప్పై వేలు అయినాయి. రెండు వేల రెండొందలు మిగిలించబోయి.

మీరు పోయేది ఫిబ్రవరి చివర, సముద్రం నెమ్మదిగా ఉండే కాలమే. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, ఆ తర్వాత డిసెంబరు దాకా తుపాన్ల భయం. మీకు అదేమీ ఉండదని తెలుసు. అయినా నా మాట విని నీల్‌లో ఒక రాత్రి తగ్గించి, చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో పెట్టుకోండి. సెల్యులర్ జైలును ఆ సాయంత్రానికి ఉంచుకుంటే రోజు వృథా కాదు. 1906లో కట్టడం పూర్తయినప్పుడు ఏడు వరసలు, ఇప్పుడు మూడే మిగిలినాయి. చీకటి పడ్డాక లైట్ అండ్ సౌండ్ షో వేస్తారు. కొత్త పెళ్లికూతురు జైలు చూడ్డమేమిటని మీ అత్తగారు అంటే, పెద్దమ్మ చెప్పిందని చెప్పు.

టికెట్లలో పేర్లు చూసి కంగారు పడొద్దు. హావ్‌లాక్‌ను 2018లో స్వరాజ్ ద్వీప్ అన్నారు, నీల్‌ను షహీద్ ద్వీప్ అన్నారు, 2024లో పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురం చేశారు. అందరూ మాట్లాడేది పాత పేర్లతోనే. విమానం తర్వాత ఫెర్రీలు, ఆ తర్వాతే హోటళ్లు బుక్ చేయండి. ఆధార్ కార్డులు చేతిసంచీలో పెట్టుకోండి. ఫెర్రీ ఎక్కే ముందు వాంతుల మాత్ర, నోట్లో ఎండు ఉసిరికాయ ముక్క.

హోటల్ గురించి నా చాదస్తం ఒకటుంది, నవ్వుకో. మేడ మీద గది తీసుకో. సముద్రం ఒడ్డున కాటేజీ, తలుపు తీస్తే అలలు అని ఫొటోల్లో చూపిస్తారు. హావ్‌లాక్‌లో విజయనగర్ వైపు, తూర్పు ఒడ్డున, పాటు సమయంలో సముద్రం ఎంతో దూరం వెనక్కి పోతుంది. మా రెండో రోజు పొద్దున కర్టెన్ తీసి చూస్తే సముద్రమే లేదు! బురద, రాళ్లు, ఎండ్రకాయలు. "ఎవరన్నా ఎత్తుకుపోయినారా" అన్నాడు మీ పెద్దనాయన. అటు సూర్యోదయం బాగుంటుంది, ఈతకు కాదు. ఈతకూ సూర్యాస్తమయానికీ పడమర ఉన్న రాధానగర్ పోవాలి. జెట్టీకి పది కిలోమీటర్ల పైనే దూరం. మనకంటే అక్కడ పొద్దు ముందే కుంకుతుంది, ఐదు కొట్టకముందే బీచిలో ఉండండి. చీకటి పడ్డాక నీళ్లలో వద్దు. ఉప్పునీటి మొసళ్లు ఉండే సముద్రం అది. బోర్డు ఉన్నచోట బోర్డు మాట, గార్డు ఉన్నచోట గార్డు మాట వినండి. మంచం మీద పూలు చల్లి, తువ్వాలుతో హంసలు చేసి "హనీమూన్ ప్యాకేజీ" అని వేలు గుంజుతారు. ఆ పూలు మన వన్ టౌన్ మార్కెట్లో యాభై రూపాయలకు వస్తాయి. అయినా ఒక్కసారే కదా పెళ్లి, నీ ఇష్టం.

పంచాంగం ఒకటి సంచిలో పెట్టుకో. ముహూర్తానికి కాదులే. నీల్‌లో రాతి వంతెన ఉంది, దాని దగ్గరికి పాటు వేళే నడిచిపోగలం. అమావాస్యకూ పౌర్ణమికీ సముద్రం బాగా లోపలికి తగ్గుతుంది. పాటు ఏ గంటకో హోటల్లో అడిగి పోండి. హావ్‌లాక్‌లో రాత్రిపూట చిన్న పడవల్లో మడ చెట్ల మధ్యకు తీసుకుపోతారు. తెడ్డు వేస్తే నీళ్లు నీలంగా మెరుస్తాయి. అది బాగా కనపడేది వెన్నెల లేని రాత్రే. అమావాస్య నాడు బయల్దేరొద్దని మీ అవ్వ అంటుంది. నేను ఆమెకు సర్దిచెబుతాను. నాకు ఆ పడవ ఎక్కే ధైర్యం లేకపోయింది. ఒడ్డున నిలబడి, ఆయన్ను కూడా పోనివ్వలేదు. నువ్వు మాత్రం ఎక్కు. లైఫ్ జాకెట్ పట్టీలు నువ్వే లాగి చూసుకో, కట్టినోళ్లను నమ్మొద్దు.

బారాటాంగ్ దీవి ఈసారి వద్దు, రోజంతా దారికే పోతుంది. ఎప్పుడైనా పోతే దారిలో అక్కడి అడవిలో ఉండే ఆదివాసులు, జరావాలు, కనపడినా ఫొటో తీయొద్దు, అది నేరం. గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకుని బ్యాగులో వేసుకోవద్దు, ఎయిర్‌పోర్టులో తీసేస్తారు. మీ పెద్దనాయన షర్టు జేబులో ఒక చిన్న గవ్వ దొరికింది. ఆ సెక్యూరిటీ అమ్మాయి ముందర ఆయన మొహం నువ్వు చూసి ఉండాల్సింది.

2020లో చెన్నై నుంచి కేబుల్ వేశాక ఫోన్‌పే అన్నిచోట్లా నడుస్తుందంటున్నారు. నడవనీ. ఐదొందలు, వందలు, యాభైల కట్టలుగా పదివేలు తీసుకుపో. సగం నీ దగ్గర, సగం అల్లుడి దగ్గర. శంషాబాద్‌కు మీరు రాత్రి బండిలో పోతారు కాబట్టి డ్రైవరుకు జడ్చర్లలో టీ తాగించి మాటల్లో పెట్టండి.

దీవి దీవికీ చేరగానే ఒక్క మెసేజి చాలు, ఫొటోలు తర్వాత పంపొచ్చు. సిగ్నల్ లేకపోతే నేనేమీ టెన్షన్ పడను అని ఇక్కడ రాస్తే మీ పెద్దనాయన పక్కనుంచి నవ్వుతున్నాడు.

ఆయన ఒకటి రాయమంటున్నాడు. హావ్‌లాక్ జెట్టీ నుంచి గోవిందనగర్ పోయే దారిలో ఎడమ చేతి వైపు, రేకుల పందిరి కింద ఆ టీ కొట్టు ఉండేది. ఉందేమో చూడండి. ఉంటే చెరో టీ తాగి, కర్నూలు పోస్టాఫీసాయన అడిగినాడని చెప్పండి. ఆమెకు తెలుగు రాదు, బుడ్డల పొడి పొట్లం చేతిలో పెట్టండి, తెలుసుకుంటుంది. టీ డబ్బులు మాత్రం అప్పటికప్పుడే ఇచ్చెయ్యండి.

మీ పెద్దమ్మ