బ్యాచ్ ఫైల్లో లింకు ఎందుకు తెగిపోతోంది?

ప్రశ్న: ఆఫీసు రిపోర్టు లింకును బ్యాచ్ ఫైల్లో (విండోస్ కమాండ్లను వరుసగా రాసి నడిపే ఫైలు) స్టార్ట్ కమాండ్ పక్కన పెట్టాను. లింకు చివర ఊరు=బాపట్ల%20టౌన్&పేజీ=2 అని ఉంటుంది. తెరిస్తే ఊరు 'బాపట్ల0టౌన్' అయిపోతోంది. పేజీ నంబరు అసలు వెళ్లడం లేదు. పైగా 'పేజీ' అనే కమాండ్ లేదంటోంది.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఇవి రెండు వేర్వేరు చిక్కులు. సీఎండీ (విండోస్‌లో కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) ఒక లైన్‌ను చదివేటప్పుడు ముందు % సంగతి తేలుస్తుంది, ఆ తర్వాతే & | < > ^ జోలికి వెళ్తుంది. %20లో దానికి కనిపించేది %2, అంటే ఫైలును నడిపేటప్పుడు దాని పేరు తర్వాత మీరిచ్చే రెండో మాట (ఆర్గ్యుమెంట్). మీరేమీ ఇవ్వలేదు కాబట్టి అది ఖాళీ, మిగిలింది 0. ఇక & కనిపిస్తే ఒక కమాండ్ అయిపోయి ఇంకోటి మొదలైనట్టే లెక్క.

ఇలా రాయండి:

స్టార్ట్ "" "...ఊరు=బాపట్ల%%20టౌన్&పేజీ=2"

కొటేషన్లు &ను కాపాడతాయి, %ను కాపాడవు. అందుకే దాన్ని రెండుసార్లు వేయాలి. ముందున్న ఖాళీ కొటేషన్లు తీసేయకండి. స్టార్ట్ మొదటి కొటేషన్లలో ఉన్నదాన్ని విండో టైటిల్ అనుకుంటుంది. అవి లేకపోతే మీ లింకే టైటిల్‌గా ఒక నల్ల విండో తెరుచుకుంటుంది, అంతే. కొటేషన్లు లేకుండా రాస్తే &కు ముందు ^ పెట్టాలి. కొటేషన్లు, ^ రెండూ కలిపి వాడకండి. కొటేషన్ల లోపల ^ మామూలు అక్షరమే, లింకులోకి అలాగే వెళ్లిపోతుంది.

పరీక్షించడం మాత్రం ఫైల్లోనే చేయండి. ప్రాంప్ట్ దగ్గర నేరుగా టైప్ చేస్తే %% ఒక్కటిగా మారదు.

ప్రశ్న: పాస్‌వర్డ్‌లో ఉన్న ! మాయమవుతోంది.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ ఫైల్లో డిలేడ్ ఎక్స్‌పాన్షన్ (!పేరు! అన్నచోట ఆ పేరుకున్న విలువను లైన్ నడిచేటప్పుడు పెట్టే సదుపాయం) ఆన్‌లో ఉండి ఉంటుంది. అప్పుడు కొటేషన్ల లోపల ^! అని, బయట ^^! అని రాయాలి. దీనికన్నా పాస్‌వర్డ్‌ను ఒక పేరులో దాచే సెట్ లైన్‌ను డిలేడ్ ఎక్స్‌పాన్షన్ ఆన్ చేసే సెట్‌లోకల్ కమాండ్‌కు పైన పెట్టడం మేలు. తర్వాత !పేరు! అని వాడితే లోపలి గుర్తులను సీఎండీ మళ్లీ తరచి చూడదు. అసలు పాస్‌వర్డ్‌ను బ్యాచ్ ఫైల్లో రాయడమే మంచిది కాదు. ఫైలు తెరిచినవాళ్లందరికీ కనిపిస్తుంది.

ప్రశ్న: పాత్‌కు (ప్రోగ్రామ్‌లను వెతికే ఫోల్డర్ల జాబితా) ఫోల్డర్ చేర్చే లైన్ విడిగా పనిచేస్తోంది, ఇఫ్ అనే షరతు కమాండ్ బ్రాకెట్లలో పెడితే ఆగిపోతోంది. స్నేహితుడి కంప్యూటర్లో మాత్రం బాగానే ఉంది.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ పాత్‌లో 'ప్రోగ్రామ్ ఫైల్స్ (ఎక్స్86)' ఉండి ఉంటుంది, అతని దాంట్లో ఉండకపోవచ్చు. %పాత్% ముందే విప్పుకుంటుంది కాబట్టి, అందులోని ) తగలగానే ఇఫ్ అక్కడితో ముగిసిందనుకుంటుంది. సెట్ "పాత్=%పాత్%;సి:\టూల్స్" అని రాయండి. మొదటి కొటేషన్ పాత్ అనే పేరుకు ముందే రావాలి. = తర్వాత పెడితే కొటేషన్లు కూడా విలువలో భాగమైపోతాయి. ఇలా రాసినా ఆగితే, పాత్‌లో ఇదివరకే ఎవరో ఇరికించిన కొటేషన్ ఉందేమో చూసి తీసేయండి.