పగ ఎవరి మీద తీర్చుకోవాలో హీరోలకే తెలియని సినిమా

స్నేహితులు కలిసి పగతో దోపిడీకి దిగే బ్రిటిష్ క్రైమ్ సినిమా, అదీ తక్కువ ఖర్చుతో తీసింది, లండన్ యాస సరిగ్గా అర్థం కాకపోయినా చూడగలిగేది చెప్పమని ఒకరు అడిగారు. నేను చెప్పేది 'లాక్, స్టాక్ అండ్ టూ స్మోకింగ్ బ్యారెల్స్'. 1998లో వచ్చింది. దర్శకుడు గై రిచీకి మొదటి సినిమా, నిర్మాత మాథ్యూ వాన్. బడ్జెట్ పది లక్షల పౌండ్ల లోపే.

ఒక చిన్న సవరణ మాత్రం ఉంది. ఇందులో కుర్రాళ్లు దోపిడీ చేసేది అప్పు తీర్చడానికి, పగతో కాదు. పగ పట్టాల్సినంత మోసం వాళ్లకి జరుగుతుంది కానీ, జరిగినట్టు వాళ్లకి తెలియదు. ఇక్కడి నుంచి కథ కొంత బయటపెడుతున్నాను, ఏమీ తెలియకుండా చూడాలనుకుంటే ఇక్కడే ఆపేయండి.

నలుగురు స్నేహితులు తలా 25 వేల పౌండ్లు వేసుకుని లక్ష పోగుచేస్తారు. పేకాటలో ఆరితేరిన ఎడ్డీని హ్యారీ అనే రౌడీ పెద్ద దగ్గర ఆటకి పంపుతారు. ఆట పేరు త్రీ కార్డ్ బ్రాగ్. మన తీన్ పత్తీ దీని నుంచే పుట్టిందంటారు. చేతిలో మూడు ముక్కలు, బ్లైండ్ ఆడటం, చివరి ఇద్దరి మధ్య పందెం పెరగడం, అన్నీ మనకి తెలిసినవే. ఒక తేడా, మనకి మూడు ఆసులు అన్నిటికన్నా పెద్ద చెయ్యి, వాళ్లకి మూడు మూళ్లు. ఎడ్డీ దగ్గర డబ్బు అయిపోతే హ్యారీయే అప్పిచ్చి ఆడిస్తాడు. ఆట ముగిసేసరికి బాకీ ఐదు లక్షలు. గడువు వారం, ఆ తర్వాత రోజుకో చేతివేలు తెగుతుంది. ఎడ్డీ ముక్కలు రహస్య కెమెరాలో చూసి హ్యారీకి సంకేతాలు పంపే మనిషి ఒకడున్నాడని మనకి మాత్రమే తెలుసు. హ్యారీ కన్ను అసలు ఎడ్డీ తండ్రి బార్ మీద ఉంది.

ఇది నాకెందుకంత పట్టిందో చెప్పాలంటే నా గొడవ కొంచెం చెప్పాలి. 2006 సంక్రాంతికి భీమవరం దగ్గర మా అమ్మమ్మ గారి ఊళ్లో, కొబ్బరితోటలో షామియానా కింద మూడు ముక్కలాట నడుస్తోంది. డిగ్రీ ఫైనలియర్‌లో ఉన్నాం. నలుగురం తలా రెండు వేలు వేశాం. నాకు చెయ్యి తిరుగుతుందని నన్ను కూర్చోబెట్టారు. రాత్రి పదకొండు అయ్యేసరికి ఎనిమిది వేలూ పోయాయి. ఎదురుగా కూర్చున్నాయన, "పర్లేదు తమ్ముడూ, ఓ ఆరు నేనిస్తా, ఆడు" అన్నాడు. తీసుకున్నాను. అవీ పోయాయి. నా నోకియా ఫోను, మావాడి ఉంగరం అమ్మి తీర్చాం. రోజు బాగోలేదు అనుకున్నాం, అంతే. ఆయన మీద కోపం కూడా రాలేదు, పైగా అప్పిచ్చాడని మంచోడనుకున్నాం!

నాలుగేళ్ల తర్వాత అమీర్‌పేట హాస్టల్లో ఈ సినిమా చూశాను. నవ్వుకున్నాను, మర్చిపోయాను. ఆ మరుసటి ఏడాది ఊళ్లో ఒక పెళ్లికి వెళ్తే, భోజనాల దగ్గర ఒకతను మాటల్లో అన్నాడు: "ఆ రాత్రి మీ వెనకాల సోడాలు కొట్టినోడు ఆయన మనిషే కదా." నాకు ముద్ద దిగలేదు. నా చేతికి మంచి ముక్కలు పడితే వెనక నుంచి గోళీ సోడా కీచుమని మోగేది, ఆయన ముక్కలు పడేసేవాడు. నేను ఉత్తుత్తినే పందెం పెంచినప్పుడు సోడా మోగేది కాదు, ఆయన చివరిదాకా నిలబడేవాడు. ఆ చప్పుడు ఆ రాత్రి కనీసం ముప్పైసార్లు విని ఉంటాను. రెండు సోడాలు నేనే తాగాను కూడా.

తర్వాత సినిమా మళ్లీ పెట్టుకుంటే అది వేరే సినిమాలా ఉంది. ఎడ్డీ ఆ గదిలోంచి తూలుకుంటూ బయటికొచ్చే సీన్ మొదటిసారి స్టైల్ కోసం తీశారనుకున్నాను. కెమెరా అతని ముఖాన్నే పట్టుకుని ఉంటుంది, చుట్టూ అంతా ఊగుతుంది. షామియానా నుంచి రోడ్డు దాకా నేనూ అలాగే నడిచాను.

ఇక దోపిడీ. ఈ నలుగురి పక్కింట్లోనే ఒక దొంగల ముఠా ఉంటుంది. గోడ పల్చన, వాళ్ల మాటలు వీళ్లకి వినపడతాయి. గంజాయి పెంచే కుర్రాళ్లని ఆ ముఠా దోచుకోవాలి, తిరిగొచ్చినప్పుడు ముఠాని వీళ్లు దోచుకోవాలి, ఇదీ ప్లాన్. దొరికిన సరుకు అమ్మబోతే కొనేవాడే దాని అసలు సొంతదారు. అంటే దొంగిలించిన గేదెని దాని యజమానికే బేరం పెట్టినట్టు. ఎవరి దగ్గరా పూర్తి సమాచారం ఉండదు, అందరూ తమకి తెలిసిన ముక్కతోనే తెలివిగా ఆడతారు. డబ్బు తక్కువైనా సినిమా నిలబడింది ఈ అల్లిక వల్లే అని నా అభిప్రాయం. కార్ల ఛేజింగులు లేవు. పక్కపక్క ఇళ్లు, ఒక బార్, గోధుమరంగు వెలుగు, నోటి నిండా మాటలు.

నటుల విషయంలోనూ అంతే. నలుగురిలో ఒకడైన బేకన్ వేషం వేసిన జేసన్ స్టాథమ్‌కి ఇదే మొదటి సినిమా. అంతకుముందు బ్రిటన్ తరఫున డైవింగ్ చేశాడు, వీధుల్లో సెంట్లు, నగలు అమ్మాడు. సినిమా మొదట్లో సూట్‌కేసు తెరిచి నగలమ్మే సీన్ అందుకే అంత సహజంగా ఉంటుంది. వసూళ్ల రౌడీ బిగ్ క్రిస్‌గా చేసిన విన్నీ జోన్స్ ఫుట్‌బాలర్, 1988లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ టోర్నీ ఎఫ్‌ఏ కప్ గెలిచిన వింబుల్డన్ జట్టు మనిషి. కొడుకుని వెంటబెట్టుకుని వసూళ్లకి వెళ్తాడు, వాడి నోట బూతు వస్తే మాత్రం ఊరుకోడు. ఎడ్డీ తండ్రిగా గాయకుడు స్టింగ్.

యాస సంగతి. అర్థం కాదని బెంగ వద్దు, ఒక చోట ఇంగ్లిష్ వాళ్లకే సబ్‌టైటిల్స్ వేశారు. తూర్పు లండన్‌లో ప్రాస కలిపి మాట దాచే అలవాటుంది. ఫోన్ అనడానికి 'డాగ్ అండ్ బోన్', మెట్లు అనడానికి 'యాపిల్స్ అండ్ పేర్స్'. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడినట్టే, పక్కవాడికి తెలియకూడదు. మొదటిసారి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూడండి. పేర్లు కలిసిపోతే అరగంట ఓపిక పట్టండి, ముఖాలు గుర్తుంటే చాలు.

నచ్చనివీ ఉన్నాయి. ఆడపాత్రలు దాదాపు లేవు, ఉన్న ఒకమ్మాయి చాలాసేపు సోఫాలో మత్తుగా పడి ఉంటుంది. జాతి మీద, స్వలింగ సంపర్కుల మీద వేసిన జోకులు ఇప్పుడు వింటే ఇబ్బందిగా ఉంటాయి. బూతులు ధారాళం, ఇంట్లో హాల్లో పెట్టే సినిమా కాదు. హిందీ 'ఫిర్ హేరా ఫేరీ' చూసి ఉంటే, వంతెన మీద నోట్లో మోగే ఫోను, చేతుల్లో తుపాకులు ఎక్కడివో ఇక్కడ తెలుస్తుంది.

దోపిడీ లేకపోయినా ఫర్లేదు, అసలు సిసలు పగే కావాలంటే షేన్ మెడోస్ తీసిన 'డెడ్ మ్యాన్స్ షూస్' చూడండి, 2004 సినిమా, ఇదీ చిన్న బడ్జెట్టే. తమ్ముడిని హింసించిన వాళ్ల కోసం ఒక మాజీ సైనికుడు సొంత ఊరికి తిరిగొస్తాడు. అక్కడ ఎవరు ఏం చేశారో హీరోకి బాగా తెలుసు. అది రాత్రి ఒంటరిగా చూడకండి. నేను చూసి రెండింటిదాకా నిద్రపోలేదు.