మూడో ఓటు యాడ పెడ్తున్నవ్ బిడ్డా?

బిడ్డా,

మిల్లుల సరుకు వెతికే సెర్చ్ సర్వర్లు, ఎలాస్టిక్‌సెర్చ్ అనే సాఫ్ట్‌వేర్ మీద, నువ్వే నిలబెడుతున్నవని మీ అమ్మ చెప్పింది. సంబురమైంది. నల్లగొండల రెండు మిషన్లు, మిర్యాలగూడల రెండు అనంగనే గుబులు పట్టింది.

రెప్లికా, అంటే డేటాకు నకలు, ఒకటి ఉంచు. ప్రైమరీ (అసలు ప్రతి), రెప్లికా ఒకే నోడ్ (సర్వర్) మీద ఎలాస్టిక్‌సెర్చ్ ఎట్లాగూ పెట్టది. స్నాప్‌షాట్లు (బ్యాకప్‌లు) వేరే తియ్యి, ఇండెక్స్ (డేటా దాచే పట్టిక లాంటిది) పొరపాటున తుడిస్తే రెప్లికా కూడా పోతది.

నా భయమంతా మాస్టర్ గురించే. అంటే క్లస్టర్‌ను, కలిసి పనిచేసే ఈ సర్వర్ల గుంపును, నడిపే నోడ్; ఓట్లతో ఎన్నికైతది. రెండూర్ల నడుమ ఫైబర్ తెగిందనుకో. ఎలాస్టిక్‌సెర్చ్ 7.0 వెర్షన్‌కు ముందు, మాస్టర్‌ను ఎన్నుకోను కనీసం ఎన్ని నోడ్లు కావాలో చెప్పే మినిమమ్ మాస్టర్ నోడ్స్ అన్న సెట్టింగు ముట్టకపోతే 1 మీదనే ఉండేది. రెండు దిక్కులా మాస్టర్లు లేచి, రెండూ రాతలు తీసుకునేవి. ఒకే సర్వే నంబరుకు ఇద్దరి పేర పాసుబుక్కులు ఇచ్చినట్టు! లైన్ కలిసినంక ఒక దిక్కు రాసింది పోయేది. సగానికి ఒకటెక్కువ అని చేత్తో లెక్కేసి పెట్టాల్సిన రోజులవి. మూడు నోడ్లు అయిదైనప్పుడు 2ను 3 చెయ్యడం మరిస్తే మళ్ల అదే గతి.

ఇప్పుడు ఆ లెక్క అదే చూసుకుంటది. అట్లని నిమ్మళంగ ఉండకు. మాస్టర్ అర్హత రెండిటికే ఇస్తే ఒక్కదాని ఓటే చెల్లుతది. ఆ ఒక్కటి పడిపోతే రెండోది బతికున్నా క్లస్టర్ ఆగుతది. అందుకే ఊరికొకటి చొప్పున అర్హత ఇచ్చి, సూర్యాపేటల చిన్న నోడ్ పెట్టు. దాని రోల్స్‌ల మాస్టర్, ఓటింగ్ ఓన్లీ (ఓటేస్తది గాని తాను మాస్టర్ కాదు) రెండూ రాయాలె. డేటా వద్దు. ఇనిషియల్ మాస్టర్ నోడ్స్ (మొదటి ఎన్నికల ఓటేసే నోడ్ల పేర్లు) అనే సెట్టింగు లైను క్లస్టర్ మొదటిసారి లేచినంక తీసెయ్యి, మర్చిపోయేవు. ఊర్ల నడుమ లైన్ నికరంగ లేకుంటే ఈ పంపకమే వద్దు, అన్నీ ఒక్క ఊర్లనే వేర్వేరు యూపీఎస్‌ల మీద పెట్టు.

రెప్లికా అవతలి ఊరికే పోవాలంటే అలొకేషన్ అవేర్‌నెస్ (ఏ నకలు ఏ చోట ఉండాలో చూసే సెట్టింగు)ల ఊరి పేరు చెప్పాలె. అప్పుడు నల్లగొండల ఒకటి పోతే దాని షార్డులు (ఇండెక్స్ ముక్కలు) పక్కదాని మీదికే వస్తయి. డిస్కు 85 శాతం దాటితే వాటిని తీసుకోదు, 95 దాటితే ఆ ఇండెక్స్‌ల రాతలే ఆగుతయి. కాబట్టి ఏ డిస్కూ 40 దాటనియ్యకు, రెండిటిదీ ఒక్కదాని మీద పడ్డా 80కే ఆగుతది. డబ్బు దండగ అంటరు, వినకు.

నోడ్ పోయినంక షార్డులు కదలడానికి ఆగేది నిమిషమే. రీస్టార్ట్‌కు అది చాలదు, 5 నిమిషాలు చెయ్యి.

మిల్లోళ్లకు అప్పజెప్పే ముందు లైన్ నువ్వే పీకి, రెండూర్ల నుంచి రాసి చూడు. ఒక్క దిక్కే తీసుకోవాలె. రెండూ తీసుకున్నయంటే అవి ఒకే క్లస్టర్‌ల లేవన్నట్టు. ఎంత రాత్రైనా ఫోన్ చెయ్యి, అన్నం మాత్రం తిని కూసో.

మీ పెదనాయన